రిజిస్టరులో మూడో గడి

శనివారం పొద్దున పదింటికి
గ్రోనింగెన్‌లో, కాలువ పక్క గ్రంథాలయం నేలమాళిగలో
తలుపు దగ్గరి కుర్చీ నాది.
నా చేతికి స్క్రూడ్రైవరు ఇవ్వరు,
ఇస్తే బాగున్నది కూడా ఊడదీస్తానని యెల్టెకి తెలుసు.
నాకిచ్చింది ఒక గళ్ళ రిజిస్టరు.
మొదటి గడిలో పేరు.
రెండో గడిలో వస్తువు.
మూడో గడిలో, ఏమైంది?

ఆ ఒక్క ప్రశ్నకి జనం ఎంత చెబుతారో!
"మొన్నటిదాకా బాగానే ఉంది" అనే మొదలుపెడతారందరూ
ఆసుపత్రి వరండాలో చెప్పుకున్నట్టు.
వాక్యూమ్ క్లీనరుకి ఆయాసం.
కాఫీ మిషను నీళ్ళు మింగుతుంది, కక్కదు.
గొడుగుకి ఒక పక్క పక్షవాతం
(ఈ ఊరి గాలిలో గొడుగు కొనడమే ఒక సాహసం).
సీట్‌స్కె ముసలావిడ చలికోటు జిప్పు
సగం దూరం వచ్చి అలుగుతుంది.
గడి చిన్నది.
పట్టినంత రాస్తాను, మిగతాది వింటాను.

మొన్నొక కుర్రాడు
జుట్టు ఆరబెట్టుకునే మిషను బల్లమీద పెట్టి నిలదీశాడు:
"కొత్తది పందొమ్మిది యూరోలు.
దీనికోసం రెండు గంటలు ఇక్కడెందుకు కూర్చోవాలి?"
ఎంత కూడినా తీసేసినా
నాకు జవాబు తేలలేదు.
పరమారిబో నుంచి పదేళ్ళ వయసులో వచ్చి
ముప్పయ్యేళ్ళు చక్కెర ఫ్యాక్టరీలో చేసిన సూర్జ్‌పాల్
ఏమీ మాట్లాడకుండా వెనక మూత విప్పాడు.
పట్టకారుతో లోపలినుంచి లాగాడు,
చుంచెలుకంత వెంట్రుకల ఉండ.
"ఇదిగో, నీ పందొమ్మిది యూరోలు" అన్నాడు.

అన్నీ ఇలా నవ్వుతూ లేచి వెళ్ళవు.
కొన్నిటికి స్క్రూలే ఉండవు.
జిగురు పోసి మూసేసిన కెటిల్‌ని
యెల్టె అటు తిప్పి ఇటు తిప్పి
"దీన్ని చేసినవాడికి మన చేతులంటే నమ్మకం లేదు" అంటాడు.
అప్పుడు చివరి గడిలో "పోయింది" అని రాయాలి.
ఎన్నిసార్లు రాసినా
ఆ మాట దగ్గర నా పెన్ను గీరుతుంది.

ఇంక నా సంగతి.
పోయినేడు వరకూ మంగళవారం రాత్రి
వీధి అంచున సామాను పెట్టేవాళ్ళలో నేనే ముందు.
దీపం, కుర్చీ, ఒక చక్రం కుంటిన బండి,
తెల్లారేసరికి చెత్తలారీ నమిలి పోయేది.
కొత్తొక వింత, పాతొక రోత అన్నవాళ్ళు
మా ఇంటి ముందు నిలబడే అని ఉంటారు.

అక్టోబరులో ఒక శనివారం, వాన,
ఊరికే కాఫీకి దిగి, రాసే మనిషి రాలేదంటే
ఆ పూటకి పెన్ను పట్టుకున్నాను.
బస్సు నడిపే హార్మ్‌కె వచ్చింది.
పేరు రాశాను. వస్తువు: టోస్టరు.
తలెత్తి చూశాను.
ఎరుపు. పక్కన తిమింగలం స్టిక్కరు,
మా చిన్నది అంటించి, మళ్ళీ పీకబోతే తోక మాత్రమే ఊడింది.
నాది.
నాలుగు రోజుల కిందట నేను వీధిలో పెట్టింది.

"ఏమైంది?" అన్నాను,
జవాబు నాకే బాగా తెలిసిన ప్రశ్న.
"నొక్కితే మీట నిలబడదు. ఎవరో పారేశారు, పాపం."
పాపమన్నది టోస్టరునో, పారేసినవాళ్ళనో
అడిగే ధైర్యం చాలలేదు.

యెల్టె అడుగు రేకు తీసి న్యూస్‌పేపరు మీద దులిపాడు.
ఏడేళ్ళ మా పొద్దులన్నీ కుప్పగా రాలాయి.
నువ్వులు, మాడిన అంచులు, పిల్లలు వద్దన్న ముక్కలు.
అయస్కాంతానికి అతుక్కుని ఒక ఎండుద్రాక్ష, నల్లగా.
గోటితో గీకేశాడు.
మీట నిలబడింది.
కాఫీ ఇంకా చల్లారలేదు.

నేను నోరు విప్పలేదు.
"బాగైంది" అని రాశాను,
స్కూల్లో కూడా అంత కుదురుగా రాసి ఎరగను.
హార్మ్‌కె దాన్ని కోటు కింద దాచుకుని
వానలోకి వెళ్ళిపోయింది.
ఆ తర్వాత శనివారం నన్నెవరూ పిలవలేదు, వచ్చాను.

మీ మెట్లకింద అల్మరాలో
ఏదో ఒకటి మూలుగుతూనే ఉంటుంది.
తీసుకురండి.
బాగవుతుందని మాటివ్వను.
ఏమైందని అడుగుతాను, అంతే.
పదింటికి. దిగేటప్పుడు జాగ్రత్త,
మూడో మెట్టు ఊగుతుంది,
దాన్నింకా ఎవరూ రిజిస్టరులో రాయించలేదు.