నాలుగుకి ఒకటి

బ్రాడీపేటలో అడ్రసంటే ఒక లెక్క.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు,
జెరాక్సు షాపు మీది మేడ,
గోడలకి కోడిగుడ్ల అట్టలు కొట్టిన గది.

మిట్టమధ్యాహ్నం
చెప్పులు మెట్ల మీద వదిలి వచ్చాడు బుడే సాహెబ్.
ముప్పై ఒక్క ఏళ్లు వీధుల్లో అరిచిన గొంతు,
ఇక అరవొద్దన్నాడట డాక్టరు.
"నా కేక పట్టియ్యమ్మా.
ట్రాలీ ఆటోకి మైకు కట్టించా,
ఇకనించీ అదే అరుచుద్ది."

మైకు ముందు నిలబెట్టా.
"పాతినప సామాన్లు కొంటాం!"
'పా' దగ్గర మీటరు ఎర్రబడింది.
'కొంటాం' దగ్గరికొచ్చేసరికి
ముల్లు లేవనే లేదు.
మొదటి మాట మూడో అంతస్తు కోసమట,
చివరికి ఊపిరి ఎంత మిగిలితే అంత.

కంప్రెసర్ వైపు తిరిగా.

త్రెషోల్డ్. నాకు పని నేర్పినాయన దాన్ని
గడప అనేవాడు.
గొంతు ఏ గీత దాటితే ఈ పెట్టె లేచి కూర్చోవాలో
ఆ గీత.
మరీ దించితే గుసగుసనీ పట్టుకు నొక్కుద్ది,
మరీ ఎత్తితే కునుకు తీసే వాచ్‌మన్.
సున్నాకి పద్దెనిమిది కింద ఆపా.

నాలుగుకి ఒకటి పెట్టా.
గడప దాటి నాలుగడుగులు దూకబోయిన కేకని
ఒక్క అడుగులో ఆపడం.
"నాలుగు బస్తాలకి ఒకటే మిగులుద్దా?
కౌలు కంటే ఘోరం కదమ్మా!"
నవ్వుతుంటే దగ్గొచ్చింది.

అటాక్ బిగిస్తే
'పా'లో పెదాలు విడివడే చప్పుడు చచ్చిపోయింది,
దుప్పట్లోంచి ఎవరో పిలిచినట్టు.
వదులు చేశా.
మొదటి దెబ్బ బయటికి పోవాలి,
ఆ తర్వాతే దాని భుజం మీద చెయ్యి.

రిలీజ్ మాత్రం లొంగలేదు.
త్వరగా వదిలితే గదంతా ఎగశ్వాస,
ఆలస్యంగా వదిలితే
'పా' కోసం నొక్కిన చెయ్యి కింద
'కొంటాం' నలుగుతోంది.
అడిగా: "నిలబడి అరిచేవాడివా?"
"నిలబడితే రోజు గడుస్తదా? బండి తోస్తానే."
"అయితే నడువు."

తివాచీ మీద, ఉన్నచోటే,
లేని బండి పిడి పట్టుకుని
ఒట్టి పాదాలతో నడిచాడు.
ఆ అడుగులు వింటూ మీట తిప్పా.
ముల్లు పడింది, లేచింది,
పడింది, లేచింది,
కుడికాలు కొంచెం ఈడ్చే మనిషిలా.

నొక్కిన ఆరు డెసిబెల్సూ తిరిగి కలపాలి.
కలిపా.
కేక పెరగలేదు, దాని కిందవే లేచాయి.
కింది షాపు మిషను రొద,
పొడి గొంతులో గుటక,
'కొంటాం' తర్వాత ఇంకేదో.
మళ్లీ వేశా.
"లేదా... సరే."
ప్రతి కేక చివరా అదే.

"నేనన్నానా?" అన్నాడు.
హెడ్‌ఫోన్స్ తీసి చేతిలో పెట్టుకుని
కాసేపు వాటినే చూశాడు.
"తీసెయ్యమ్మా.
అడిగేది మైకు. జవాబు అదే చెప్పుకుంటే
ఎవడు తలుపు తీస్తాడు?"

కోసేశా.
వెళ్తూ కంప్రెసర్ మూత మీద వేలితో కొట్టి చూశాడు.
"ఇట్టాంటిది ఒకటి తూకానికి కొన్నా.
రాగి బాగా దిగింది."

మంగళవారం ఆటో మా రోడ్డులోకొచ్చింది.
'పా' పగల్లేదు, 'కొంటాం' మునగలేదు,
ఎదురింటి మూడో అంతస్తు నించి
"ఆగాగు, ఫ్యానుంది!" అని ఎవరో.
వెనక, పాత కూలరు మీద కూర్చుని
బుడే సాహెబ్.
రెండు కేకల మధ్య
నేను కోసిన చోట
పెదాలు కదులుతున్నాయి.