సాత్‌బారా వెనక

తహసీల్ ఆఫీసు మలుపుల నా జిరాక్సు దుకాణం.
పొద్దంతా ఊరోళ్ళ భూములు
ఆకుపచ్చ వెలుగు కింద అటు నుంచి ఇటు జరుగుతయి.
సిరా మసకై చెడిపోయిన సాత్‌బారాలు
పారెయ్యను.
వాటి వెనక తెల్లగుంటది గదా,
అక్కడ రాసుకుంటున్న
బెల్‌గ్రేడ్ ప్రయాణం.

మూడు రాత్రులు. ఇద్దరం.
నేనూ, మా పెద్దాడబిడ్డ సడవలక్క,
అహేరి డిపోల కండక్టరు.

ఆ ఊరే ఎందుకంటే, మొదలు చవక అని.
పారిస్ ఖర్చు చదివితే
బస్సు డొక్క మీద కొట్టినట్టు బల్ల మీద కొట్టి
"దిగు, దిగు" అన్నది అక్క.
తర్వాత పటంల చూసినం:
రెండు నదులు కలిసే మూలకు ఒక కోట.
సావా అట, డాన్యూబ్ అట.
సిరోంచల పుట్టినోళ్ళకు ఇంకేం చెప్పాలె?
ప్రాణహితది ఒక రంగు, గోదారిది ఒక రంగు,
కలిసినంక గూడ కొంత దూరం
అత్తాకోడళ్ళ లెక్క
పక్కపక్కనే, మాట్లాడకుంట పోతయి.
అక్కడ గూడ అట్లనే పోతయా?
చూసి రావాలె.

బచత్ గట్ల నావి అరవై వేలు.
అక్కవి దివాలీ బోనసు, అమ్మిన స్కూటీ.
ఫిబ్రవరిల పోవాలె, చలికి రేట్లు పడిపోతయి.
విమానం షార్జాల తొమ్మిది గంటలు ఆగుతది,
చవక టికెట్టంటే మన గంటలు మనం అమ్ముకునుడే.
రూము నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు,
రోజుకు ఆరొందలు మిగులుబాటు.
పక్కకు అక్క రాసింది:
మోకాళ్ళ మందు, నాలుగొందలు.
అటుకులు, కారప్పొడి, చింతకాయ తొక్కు.
స్వెటర్లు చంద్రపూర్ల, పాతయి.

అక్కడ ఊరంత బస్సులు ఉచితమట, చదివి వినిపించిన.
మన దిక్కు ఆడోళ్ళకు సగం టికెట్టు,
నది దాటితే అసలే లేదు,
కని మా ఆధారు కార్డులు ఇవతలియి.
అక్క నవ్వలేదు.
సంచిల చిల్లర సప్పుడు చేసుకుంట చాలాసేపు కూసొని
"మరి అక్కడి కండక్టర్లు ఏం తింటున్నరే?" అన్నది.
అది గూడ రాసుకున్న.
మొదటి రోజు, సాయంత్రం నాలుగింటికి,
కోటకు ముందు.

మరాఠీ బడిల చదివిన నేను.
తెలుగక్షరాలు
నదవతల నుంచొచ్చే బస్సు బోర్డుల మీద ఏరుకున్నయి.
అందుకే కాళేశ్వరం తప్పు లేకుంట వస్తది,
బెల్‌గ్రేడ్ మూడు తీర్లుగ వస్తది.
ఆ ఊళ్ళె గూడ ఒక్క మాటకు రెండు లిపులట.
నన్నేం వింతగ చూడరు.

వీసా కాగితంల ఒక గడి:
ఎందుకు వస్తున్నరు?
వ్యాపారం కాదు. చదువు కాదు. చుట్టాలు లేరు.
"చూసేటందుకు" అని రాసిన.
గడి సగం ఖాళీ మిగిలింది.
అంత ఖాళీ జాగ చూస్తే
వాళ్ళు నమ్ముతరా?

మొన్న సోమవారం బానయ్య తాత
కాగితం తెచ్చి బల్ల మీద పరిచిండు.
"అమ్మీ, నా రెండెకరాల ఎనక ఏదో కోట పడ్డది.
తలాటీ అడుగుతుండు, దీని శిస్తు ఎవరు కడతరని."
మంచి కాపీకి బదులు
మసక కాపీ పోయింది నా చేతుల నుంచి.

కొత్తది తీసిచ్చిన. పైసలు తీసుకోలే.
పాతది ఇమ్మంటే ఇయ్యలే.
నాలుగు మడతలు పెట్టి బొడ్డు సంచిల దోపుకొని
"ఉండనీ బిడ్డా,
వరదకు చేను పోతే పోయింది,
కోటన్న ఉంటది" అనుకుంట
ఎండల పడి పోయిండు.

అది మూడో రోజు కాగితం.
మళ్ళ రాద్దామని కూసున్నం గని
అక్క పెన్నుకు మూత పెట్టింది.

ఇప్పుడు మా దగ్గర
మొదటి రోజు ఉన్నది, రెండో రోజు ఉన్నది.
మూడో రోజు
బానయ్య తాత సందుగుల.