ఒక మాట ఎడమకి

గ్రిమ్స్‌బీ రేవు. గురువారం సాయంత్రం.
మెథడిస్టు చాపెల్ వెనక గదిలో
హీటరు దగ్గుతోంది, రాజుకోవడం లేదు.
తొమ్మిది కుర్చీలు, ఆరుగురు మనుషులు,
ఎన్ని సబ్బులు అరగదీసినా వదలని చేపవాసన.

లెటెబ్రాన్ సంచీలోంచి మడతలు పడ్డ కాగితం తీసింది.
శీతలగదిలో జరిగిన ప్రమాదం మీద
ఫ్యాక్టరీ వాళ్ళు రాసిమ్మన్న నివేదిక.
రాత్రంతా కూర్చుంటే తెగిన వాక్యం ఒక్కటే:

ఐ పుల్డ్ ద డోర్ హార్డ్
సో దట్ హిజ్ ఫింగర్స్ వుడ్ బ్రేక్.

"వుడ్" ఎందుకంటే,
అది పెడితే మర్యాదగా ఉంటుందని
ఎవరో చెప్పారట.

వినిఫ్రెడ్ ఓల్డ్‌రాయిడ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని
మళ్ళీ చదివింది.
"ఇది ఎవరికైనా చూపించావా?"
"సూపర్‌వైజర్‌కి."
"ఏమన్నాడు?"
"కూర్చోమన్నాడు."

"అమ్మా, నువ్వు రాసిందేమిటో తెలుసా?
అతని వేళ్ళు విరగాలనే
తలుపు లాగానని."

లెటెబ్రాన్ టిగ్రిన్యా మాట్లాడుతుంది.
మనకిలాగే వాళ్ళకీ క్రియ
అందరి విస్తళ్ళూ చూసొచ్చిన ఇంటాయనలా
ఆఖరికి వచ్చి కూర్చుంటుంది.
ఇంగ్లీషులో ఆ మన్నన లేదు.
ఎవరు ఎక్కడ నిలబడితే అదే వాళ్ళ ఉద్యోగం.

వినిఫ్రెడ్ బోర్డు మీద "సో"ని తుడిచి
ఒక్క మాట దాటించి, ఎడమకి,
"హార్డ్" ముందు నిలబెట్టింది.
"వుడ్"ని అరచేత్తో చెరిపేసింది.

ఐ పుల్డ్ ద డోర్ సో హార్డ్
దట్ హిజ్ ఫింగర్స్ బ్రోక్.

ఎంత గట్టిగా లాగానంటే, వేళ్ళు విరిగాయి.
లెటెబ్రాన్ పెదవులు కదుపుతూ చదువుకుంది.
పక్కింటి కుర్చీలు జరిపినంత తేలిగ్గా
జైలు ఇంత దూరం జరుగుతుందా అన్నట్టు చూసింది.

అప్పుడు వెనక వరసలోంచి
జిడ్రూనస్, కట్టు కట్టిన కుడిచెయ్యి ఎత్తి,
"ఆమె అంత గట్టిగా ఏం లాగలేదు.
గొళ్ళానికి మంచు పట్టింది. జారింది.
నెల నుంచీ చెప్తున్నాం" అన్నాడు.

మళ్ళీ తుడుపు. మళ్ళీ రాత.
ద లాచ్ వాజ్ సో ఐసీ దట్ ద డోర్ స్లిప్డ్.
ఈసారి వాక్యంలో లెటెబ్రాన్ లేదు.
ఆర్నెల్లుగా "సో" ఎక్కడ పెట్టాలో
ఒక్కసారీ కుదరని జిడ్రూనస్
ఎడమచేత్తో, వంకరగా, తప్పు లేకుండా
సాక్షిగా తనూ ఒక నకలు రాసుకున్నాడు.

నేనీ సంగతి చెప్తున్న భాషలోనైతే
"వేళ్ళు విరిగేలా లాగింది" అని ఊరుకుంటాం.
కావాలనా, అలా అయిపోయిందనా?
ఆ "లా"ని ఎంత గుచ్చి అడిగినా
రెండిళ్ళ చుట్టంలా
కాఫీ తాగి లేచిపోతుంది.

అందరూ వెళ్ళాక వినిఫ్రెడ్ కుర్చీలు సర్దింది.
బోర్డు తుడవబోయి ఆగింది.

ఇరవైరెండేళ్ళ కిందట, క్లీథోర్ప్స్‌లో,
మేడ మీద తల్లి, మంచం పక్కన ఇత్తడి గంట.
పదకొండు నెలలు. రాత్రికి పద్నాలుగుసార్లు మోగేది,
నీళ్ళకి, దిండుకి, ఊరికే.
కింద వంటింట్లో రేడియో.
విచారణలో తనని అడిగినప్పుడు
చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది:
రేడియో ఎంత పెద్దగా ఉందంటే
నాకు గంట వినిపించలేదు.
"లౌడ్" ముందు "సో",
సరిగ్గా ఉండాల్సిన చోట.
డాక్టరు తల ఊపాడు. గుమస్తా రాసుకున్నాడు.
అందులో దిద్దడానికి ఏమీ లేదు.

ఆ రాత్రి
గంట వినపడకుండా
రేడియో పెద్దది చేసింది వినిఫ్రెడ్.

ఇంతకంటే విడమరిచి చెప్పమని
నా భాషని నేను అడగను.

ఆమె లైటు ఆర్పి, తలుపు మెల్లిగా దగ్గరికి వేసి,
గొళ్ళెం పడిందో లేదో
రెండుసార్లు లాగి చూసుకుని
తొమ్మిదింటి బస్సుకి నడిచింది.