నాలుగో మేకు

టెన్నెంట్ క్రీక్ దాటి ఉత్తరానికి మూడు గంటలు.
తారు అయిపోయింది,
ఆ తర్వాత కంకర కూడా అయిపోయింది.
కర్లూ డౌన్స్ గేటుకి తాళం,
తాళానికి వేలాడే రేకు మీద ఫోన్ నంబరు,
నంబరుకి సిగ్నల్ లేదు.
మేనేజరు వచ్చి తీసేదాకా గంటన్నర
ఈగలకి నా మొహం అప్పగించి కూర్చున్నాను.

నా పని కొలవడం.
పశువుల కంపెనీ లీజు తొమ్మిది వేల చదరపు కిలోమీటర్లు.
అందులోంచి రెండు కోసి
వీళ్ళకి ఇవ్వాలి, ఉండటానికి.
ఫైల్లో దాని పేరు ‘నివాస ప్రాంతం’.
మిగతాది ఏ ప్రాంతమో ఫైలు రాయలేదు.

కూలిబా చెట్టు కింద మడత కుర్చీలో
ఐవీ నప్పనంక.
చుట్టూ మూడు కుక్కలు, మూడింటికీ ఒకటే పేరు.
"ఆలస్యమైంది" అంది.
గేటు సంగతి చెప్పబోయాను.
ఆమె అన్నది గంటన్నర గురించి కాదు.
అర్జీ పెట్టి పదకొండేళ్ళు,
వేలిముద్ర వేసిన తొమ్మిదిమందిలో
తనొక్కతే మిగిలింది.

పుట్టింది ఇక్కడే, గుర్రాల కొట్టం వెనక.
పన్నెండో ఏట దొరసాని గిన్నెలు తోమింది.
జీతం పిండి, తేయాకు, నమిలే పొగాకు.
కూలి డబ్బుగా ఇవ్వాలని చట్టం వచ్చిన ఏడాది
డబ్బు రాలేదు, లారీ వచ్చింది.
"ఎక్కమన్నారు, ఎక్కాం.
దించినచోట ఎవరూ మమ్మల్ని పిలవలేదు."
ఇంతే చెప్పి
కుక్క చెవిలోంచి గోమారు తీసి నలిపింది.

మొదటి మేకు మెత్తగా దిగింది.
రెండోది చెదపుట్ట పక్కన.
మూడోది బోరు దగ్గర:
బోరు లోపలికి వచ్చింది,
పంపు మాత్రం కంపెనీదే.
నాలుగోదాని దగ్గర గీత
వాగుకి నలభై మీటర్లు ఇటే మలుపు తిరుగుతుంది.
వాగు పశువులు తాగడానికి.

ఐవీ లేచింది. కుర్చీ మడిచి చంకన పెట్టుకుని
గీత దాటి నడిచి
వాగొడ్డున మళ్ళీ విప్పుకుని కూర్చుంది.
"ఇక్కడ కొట్టు."
"అది హద్దు బయట."
"ఏది? నేనా?"
అప్పుడు చూశాను ఆమె కాళ్ళ దగ్గర
ఎర్రమట్టిలో బోర్లించిన ఎనామెల్ మగ్గులు,
వరసగా అయిదు.
చివరి మగ్గు పిల్లలది, నీలం అంచు.

ఆమె కాచిన టీ తాగుతూ మా తాత గురించి చెప్పాను.
కరణంగారి వెనకాల గొలుసు లాగేవాడు.
ఊళ్ళో పొలాలన్నీ
ఆయన అరచేతుల్లో తుప్పుగా ఉండేవి.
ఆయన పేర ఒక్క సెంటు లేదు.
ఐవీ చాలాసేపు ఆలోచించి అడిగింది:
"ఎప్పుడైనా ఎవరికోసమైనా
గొలుసు కాస్త వదులుగా పట్టుకున్నాడా?"

తెలీదన్నాను.
నిజంగానే తెలీదు. అడగాలని తోచలేదు,
అడగడానికి ఇప్పుడాయన లేడు.
నా చేతిలో ఉన్నది గొలుసు కాదు,
ఆకాశంలో ఉపగ్రహాన్ని అడిగి చెబుతుంది,
రెండు సెంటీమీటర్లు కూడా వదలదు.

పుస్తకంలో రాశాను:
నాలుగో మేకు కొట్టలేదు.
కారణం అన్న గడి చిన్నది.
సమాధులు అయిదు అని రాసి
ఒకటి చిన్నది అని రాసేసరికి నిండిపోయింది.
పై అధికారి కొట్టేయొచ్చు.
ఎనిమిది నెలల తర్వాత ఇంకొకడు రావచ్చు,
నాకంటే సమయానికి.

తిరుగుదారిలో మళ్ళీ అదే గేటు, అదే తాళం.
ఐవీ మనవడు డెల్విన్ జీపు దిగి
తాళం వైపు చూడనైనా లేదు.
బందుల వైపు వెళ్ళి
భుజం పెట్టి గేటుని ఎత్తి పక్కకి తిప్పాడు.
నేను దాటాక మళ్ళీ తగిలించాడు.
"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"
"తాళం వేసిన రోజు నుంచి."

వెనక సీటు కింద నాలుగో మేకు
టౌను దాకా
గతుకు గతుక్కీ గలగలమంటూనే ఉంది.