చింపే చెయ్యి

రాత్రి రెండున్నర. హబ్సిగూడ ల్యాబులో
షేకర్ మీద ఈస్టు ఊగుతోంది,
పులిసిన పిండి వాసన.
వాడేసిన చీటీలను చింపే జన్యువును
పోయిన నెలే దానిలోంచి తీసేశాను.
ఇక కణం నిండా పాత కబుర్లు
గుట్టలు పడాలి కదా.

పడలేదు.
మూడోసారి కొలిచినా
మెసెంజర్ ఆర్ఎన్ఏ ఉండాల్సినంతే ఉంది,
కాస్త అటూ ఇటూ.
పైపెట్ మీద అనుమానం, ఐసు మీద అనుమానం,
చివరికి నా కూడికల మీద.
"రాతే నెమ్మదించిందేమో చూడు" అంది మెహజబీన్,
మైనస్ ఎనభై ఫ్రీజర్లో తల దూర్చి,
నా వైపు చూడకుండానే.

తెల్లారకముందే తార్నాక.
సగం ఎత్తిన షట్టరు కింద వంగి ఇరానీ హోటల్లోకి.
గల్లా దగ్గర అజ్మత్ సాబ్ చీటీ రాస్తాడు.
చాయ్ కాడ కొమురయ్య
కప్పు నింపుతాడు, చీటీ చర్రున చింపుతాడు.
ఇవాళ ఆవిరికి కాలి కుడిచేతికి కట్టు.
ఎడమచేత్తో, పళ్లతో చింపుతున్నాడు.

చింపకపోతే ఏమవుతుంది?
"అదే చీటీ పట్టుకొని ఇంకోడొచ్చి తాగిపోతడు మేడం."
మరి ఇంత ఆలస్యమైతే పేరుకుపోవా?
"యాడ పేరుకుంటయ్?
చింపిన చప్పుడు ఇనబడకుంటే
సాబ్ పెన్ను పక్కకు పెడ్తడు."

చూశాను. నిజమే.
నాలుగు చీటీలు రాసేచోట రెండు.
పెన్ను మూత నోట్లో పెట్టుకుని
ఆయన వీధిలోకి చూస్తున్నాడు.
ఎవరూ ఆయనకేమీ చెప్పలేదు.

కేంద్రకం గోడ దాటి
చింపే చెయ్యే లోపలికి వెళ్తుందనీ
రాసే చెయ్యిని తట్టి వస్తుందనీ అంటారు.
నేను ఆ చెయ్యినే నరికాను.
తట్టేవాళ్లు లేక రాత మందగించింది,
చింపక చీటీ ఎక్కువకాలం బతికింది,
లెక్క సరిపోయింది.
ఇంతవరకే ఈ హోటల్ నాకు చెప్పగలిగింది.
ఇక్కడ ఒక చెవి ఉంది, అజ్మత్ సాబ్‌ది,
వెంట్రుకలు మొలిచిన ముసలి చెవి.
కణంలో వినేదెవరో
నాకింకా తెలీదు.

చాయ్ తాగి రోడ్డెక్కాను.
"మేడం! చీటీ!"
కోటు జేబులో మడత పడి ఉంది, చిరగకుండా.
వెనక్కి వెళ్లి ఇచ్చాను.
చర్ర్.
గల్లా మీద పెన్ను కదిలిందో లేదో
వినాలని ఆగాను కానీ
సికింద్రాబాద్ బస్సు హారన్ కొట్టింది.