మొగ తలుపు

ఇరవై ఆరేళ్ళుగా మొగ దగ్గర లస్కరుని.
పోటుకి మూసుకుని ఆటుకి తెరుచుకునే
ఆరు చెక్క తలుపులకి కాపలా.
మన మురుగు సముద్రంలోకి పోవాలి,
సముద్రం మన మురుగులోకి రాకూడదు.
ఉద్యోగమంతా అంతే.
మిగతాది గ్రీజూ, తారూ, సంతకాలూ.

ఐదో తలుపు సీలలు అరిగాయని
నాలుగు కాయితాలు రాశాను.
ఏఈ గారు మారారు, మళ్ళీ మారారు.
అరుగుదలకి మాత్రం బదిలీ రాలేదు.

గుండెల్లో మంట గురించి
ఎవరికీ రాయలేదు.
చేపల పులుసనుకున్నాను,
రాత్రి డ్యూటీలో కాల్చిన చుట్టనుకున్నాను.
పడుకుంటే గొంతు దాకా పుల్లగా ఎక్కేది.
సూరాయమ్మ వాము నలిపి పెట్టేది.
గులాబీ రంగు మందు మూతతో కొలవడం మానేసి
సీసా ఎత్తి తాగేవాణ్ణి.
ఆ తర్వాత, నన్ను ముంచింది ఇదే,
మంట తగ్గింది.
తగ్గింది కదా అని గారెలు తిన్నాను.

అమలాపురంలో, మందుల షాపు మీది మేడలో
ఎడం పక్కకి ఒత్తిగిల్లమని
పళ్ళ మధ్య ప్లాస్టిక్ కడియం కరిపించి
నల్లటి గొట్టం దింపారు.
డాక్టరు మైథిలి గారు తెర నావైపు తిప్పారు.
పైనంతా ముత్యపు తెలుపు.
కింద, కడుపు వాకిట్లో,
నాలుకలు నాలుకలుగా పైకి పాకిన
ఉడికిన రొయ్య రంగు.

"బ్యారెట్" అన్నారావిడ.
నాకు బ్యారేజీ అని వినపడింది.
ధవళేశ్వరంలో నీళ్ళొదిలారా అని అడగబోయాను.
నోట్లో గొట్టం.

"మెతుకు దిగాక మూసుకోవాల్సిన కండరం
వదులైందండీ. ఆమ్లం ఎదురెక్కుతోంది.
ఏళ్ళ తరబడి కాలీ కాలీ
అన్నవాహిక పొర తన జాతి మార్చుకుంది.
తట్టుకోవడానికి పేగు పొర వేషం కట్టింది.
అందుకే మీకు మంట తెలియట్లేదు."

ఆయ్, అన్నాను.
నాకు తెలీనిదా.

పెచ్చెట్టి కామరాజు చేను ఐదో తలుపుకి ఎదురు.
మొదటేడు గట్టు వార తెల్లగా పొక్కింది, అంతే.
రెండో ఏడు స్వర్ణ వేస్తే అంతా తాలు.
ఉప్పుకి ఓర్చే విత్తనమంటే అదీ తెచ్చాడు.
ఆఖరికి పొక్లెయిన్ వచ్చింది.
ఇప్పుడది రొయ్యల చెరువు.
రాత్రంతా ఏరేటర్లు నీళ్ళు చిలుకుతుంటాయి.
చేను చచ్చిపోలేదు.
బతకడానికి ఇంకోటయ్యింది.
దాని పక్కచేను గట్టు వార
నిరుటి నుంచి తెలుపు.

ముక్క తుంచి కాకినాడ పంపారు.
పది రోజులకి కాయితం: లో గ్రేడ్ డిస్ప్లేసియా.
కేన్సరా?
కాదు.
అవుతుందా?
"చాలామందికి అవదు. కొందరికి అవుతుంది.
అవసరమైతే ఆ పొర కాల్చేస్తాం, తెల్లటిది మళ్ళీ వస్తుంది.
ఈలోగా ఆర్నెల్లకోసారి కెమెరా.
కాపలా కాయాలండీ."
కాపలా అన్న మాట దగ్గర
కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాను.

ఇప్పుడు మంచానికి తలవైపు కోళ్ళ కింద
రెండేసి ఇటుకలు.
నీరు పల్లమెరుగు; పల్లం కట్టింది నేనే.
తెల్లారేసరికి ఇద్దరం కాళ్ళవైపు జారిపోయి ఉంటున్నామని
సూరాయమ్మ తిడుతోంది.
ఏడింటికల్లా అన్నం. చుట్ట లేదు.
పరగడుపున ఒక మాత్ర.
ఒక్కోసారి మంట రాకపోతేనే భయం.

నిన్న అమావాస్య పోటు.
టార్చి పట్టుకుని ఐదో తలుపు దగ్గర నిలబడ్డాను.
సీల పక్కనుంచి సన్నగా,
చెవి పెడితే తప్ప వినపడనంత సన్నగా,
లోపలికి.

ఇంటికొచ్చి ఐదో కాయితం రాశాను.
ఎప్పుడూ పైన "అత్యవసరం" అని రాసేవాణ్ణి.
ఈసారి రాయలేదు.
"అయ్యా, తలుపు ఇంకా పాడవలేదు.
పాడవకముందే రాస్తున్నాను.
సీలల కొలతలు వెనక ఉన్నాయి."