రేకు తల

ఉల్లివీధిలో స్టూడియో కూల్చేస్తూ
ఇంటాయన నా బాకీ కింద దాన్ని పంపించాడు.
రెండు సీలింగు ఫ్యాన్ల వైండింగు, పదకొండు వందలు.
గోనెపట్టా కప్పుకొని, రిక్షా మీద పడుకొని
పెద్దాసుపత్రికి పోతున్న మనిషిలా వచ్చింది.

టేకు పీట. ఇత్తడి పళ్లచక్రం.
మడతలు మడతలుగా నల్లటి తోలుతిత్తి,
కిందికే చూసే ఒంటికన్ను.
ఫోటోలు పెద్దవి చేసే మిషను.
"మా అయ్యని దీన్లోనే పెద్దోణ్ణి సేసినారు బాబూ"
అన్నాడు రిక్షా అతను,
"సచ్చిపోనాక."

పాత ఇనప కొట్టు ఎర్రన్న తూకానికి అడిగాడు.
ఇత్తడి మూడు కిలోలుంటుంది,
కర్ర పొయ్యిలోకి, అద్దాలు దండగ.
నాకు మనసొప్పలేదు.
మోటార్లు విప్పేవాడికి ఒక జబ్బుంటుంది,
ఎవడు బిగించాడో తెలియకుండా
ఏ మరనూ చెత్తలో పారెయ్యలేడు.

పాత వస్తువులు కొనే విశాఖపట్నం పెద్దమనిషికి
ఫోన్లో బొమ్మలు పంపాను.
రాత్రికే పలికాడు.
చెక్కపని చూస్తే నూరేళ్ల పైమాటేనట.
కంపెనీ బిళ్ల ఏదన్నాడు.
పీకేసిన చోట నాలుగు చిల్లులున్నాయన్నాను.
లెన్సు చుట్టూ అంకెలు చదవమన్నాడు.
ఆరంకెలు. నాలుగోది అరిగిపోయింది,
మూడో, ఎనిమిదో.
మూడైతే ఒక ధర, ఎనిమిదైతే ఒక ధర.
చివర్లో ఊపిరి వదిలి,
"పైన ఆ రేకు డబ్బా ఒరిజినల్ కాదండీ.
అది తగిలించకపోయుంటే నలభై వేలు.
ఇప్పుడు ఆరు."

ముప్ఫై నాలుగు వేలు తినేసిన ఆ రేకుని
బల్ల మీద దీపం కింద పెట్టి చూశాను.
కిరసనాయిలు డబ్బా రేకు.
తడిమితే వేలికి అందనంత నున్నగా అతుకులు.
పక్కల్లో చేప మొప్పల్లాంటి కోతలు,
వేడి పోతుంది, వెలుగు పోదు.
నాలుగు మరలూ ఆకురాయితో చేత్తో అరగదీసినవే,
ఒకదాని గాడిలో ఇంకొకటి పట్టదు.
లోపలి గోడ మీద
మేకుతో గీసిన ఒకే అక్షరం: గు.

కంటోన్మెంటులో సోమేశ్వర్రావుగారు,
నెగెటివుల మీద పెన్సిలు ముక్కతో
మొటిమలు చెరిపి కనుబొమలు దిద్దినాయన,
ఇప్పుడు నా మొహం గొంతుని బట్టే పోల్చుకున్నాడు.
"నేను పనిలో చేరేనాటికి దానికి దీపం లేదు నాయనా.
పడమటి గోడకి జానెడు కంత.
బయట ఒక కుర్రాడు అద్దంపలక పట్టుకొని
ఎండని లోపలికి తిప్పేవాడు.
సూర్యుడు జరిగితే వాడూ జరగాలి.
మబ్బేసిందా,
ఆరోజు ఊళ్లో ఎవరూ పెద్దవాళ్లు కారు."
ఆ కుర్రాడెవరన్నాను.
"గురువులు. అరికాళ్లు బొబ్బలెక్కేవి వాడికి.
తర్వాత రేకుపని నేర్చుకున్నాడు.
వీధికి కరెంటు స్తంభం వచ్చిన వారంలోనే
ఎవరూ అడక్కుండా
ఆ డబ్బా చేసి పట్టుకొచ్చాడు.
డబ్బులిస్తే పుచ్చుకోలేదు."

ఉల్లివీధికి పరిగెత్తాను.
జేసీబీ అప్పటికి వీధివైపు పని ముగించింది.
పడమటి గోడ సగం నిలబడుంది.
సున్నం రాలిన చోట, పాత ఇటుకల మధ్య,
వేరే బట్టీ ఎరుపు, జానెడు మేర.
టేపు పెట్టాను.
మిషను వీపు మీది కంతకీ దానికీ
నూలుపోగు తేడా లేదు.

మళ్లీ ఫోను.
"రేకు పీకేసి పంపండి, పదిహేనిస్తాను."

మర్నాడు మూడు గంటలకి
నాలుగు మరలూ విప్పాను,
ఏది ఏ గాడిదో కాయితమ్మీద రాసుకొని.
తలుపులు మూసి, మిషను వీపుని కిటికీ కంతకి ఆనించి,
కొట్లో పనికుర్రాడు చిన్నంనాయుడి చేతికి
మా ఆవిడ బొట్టుపెట్టుకొనే అద్దమిచ్చి బయట నిలబెట్టాను.
నెగెటివు ఏమీ లేదు, ఉత్త వెలుగే.
తిత్తి చిల్లుల్లోంచి కొంత కారిపోయింది.
మిగిలింది పీట మీద
రొట్టెంత గుండ్రంగా పడి, వణికి,
అంచుకి జారడం మొదలెట్టింది.

"చెయ్యి కదపకురా" అని కేకేశాను.

"నాను కాదు బాబూ" అన్నాడు బయట్నించి,
"ఎండే ఎల్లిపోతంది."